ఈకలు రాల్చే కోళ్లకు గుమ్మడికాయ: ఎంత, ఎప్పుడు, దానితో పాటు ఏమిటి

దసరా దాటేసరికి బెంగళూరులో పెరటి కోళ్లు పెంచే తెలుగు ఇళ్లలో రెండూ ఒకేసారి కనిపిస్తాయి: వంటింట్లో సగం కోసిన గుమ్మడికాయ, పెరట్లో ఈకలు రాల్చుకుని బోడిమెడలతో తిరిగే కోళ్లు. ఆ సగం కాయ తీసుకెళ్లి వాటి ముందు పెట్టాలని ఎవరికైనా తోస్తుంది. పెట్టండి, మంచిదే. కాకపోతే కొత్త ఈకను మొలిపించేది గుమ్మడికాయ కాదన్న సంగతి గుర్తుంచుకుని పెట్టండి.

ఈక బరువులో 85 నుంచి 90 శాతం మాంసకృత్తులే. గుమ్మడి గుజ్జులో అవి ఒక శాతం ఉంటే గొప్ప, తొంభై శాతానికి పైగా నీళ్లే. కాబట్టి ఈ రెండు మూడు నెలల్లో మీ శ్రద్ధకు ఒక వరుస ఉండాలి. ముందు దాణా, తర్వాత మాంసకృత్తులున్న చిరుతిండి, ఆ తర్వాతే గుమ్మడికాయ. ఈ వరుస తలకిందులైతే కోడి కడుపు నిండుతుంది గానీ ఒళ్లు నిండదు.

ముందు అది ఈకలు రాల్చడమేనా అని చూసుకోండి

పెట్ట సాధారణంగా 15 నుంచి 18 నెలల వయసులో మొదటిసారి పూర్తిగా ఈకలు మారుస్తుంది. ఆ తర్వాత ఏడాదికోసారి. తల, మెడ దగ్గర మొదలై రొమ్ము, వీపు, రెక్కలు, చివరికి తోక వరకు ఒక క్రమంలో రాలతాయి. గుడ్లు తగ్గి ఆగిపోతాయి, తలమీది జుట్టు ఎరుపు తగ్గి ముడుచుకుంటుంది. మొత్తం 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. బాగా గుడ్లు పెట్టే పెట్ట ఆలస్యంగా మొదలుపెట్టి చకచకా ముగిస్తుంది, బద్ధకంగా పెట్టేది తొందరగా మొదలుపెట్టి నెలల తరబడి సాగదీస్తుంది. కాబట్టి ఒక్కసారిగా బోడిగా మారిన కోడిని చూసి కంగారు పడకండి, బహుశా మీ గుంపులో మంచి పెట్ట అదే.

పగటి వెలుతురు తగ్గడం దీనికి ముఖ్య కారణం. అయితే చలిదేశాల్లోలా మన దగ్గర కోళ్లన్నీ ఒకే వారంలో ఈకలు రాల్చవు. బెంగళూరులో జూన్ పగలు దాదాపు 12 గంటల 50 నిమిషాలు, డిసెంబర్ పగలు దాదాపు 11 గంటల 20 నిమిషాలు. తేడా గంటన్నరే. అందుకే ఒకటి సెప్టెంబర్‌లో, ఇంకొకటి డిసెంబర్‌లో మొదలుపెట్టినా ఆశ్చర్యం లేదు. ఎండ దెబ్బ, పొదుగుడు, నీళ్లు అందకపోవడం, గూడు మార్చడం వంటివి కూడా ఈకలు రాలేలా చేస్తాయి.

పట్టపగలు కోడిని దగ్గరకు పిలిచి మెడ మీద ఈకలు పక్కకు తీసి చూడండి. చర్మంలోంచి నీలం, బూడిద రంగు కలిసిన సన్నని కాడలు పొడుచుకు వస్తుంటాయి. ఒక్కో కాడ మీద మైనం పూసినట్టుండే తెల్లని పొర, కొన్నిటికి ఆ పొర చివర చిట్లి లోపలి ఈక కుంచెలా విచ్చుకుంటూ కనిపిస్తుంది. ఇవి కనిపిస్తే అది ఈకలు మార్చడమే. కాడలు లేకుండా ఒకేచోట, ముఖ్యంగా మలద్వారం చుట్టూ చర్మం ఎర్రబడి బోడిగా ఉంటే పేలు, గోమార్ల కోసం వెతకండి. వీపు మాత్రమే ఖాళీ అయితే పుంజు తొక్కుడో, తోటి కోళ్ల పొడుపో అయి ఉంటుంది. కోడి మేత మానేసి, కళ్లు మూసుకుని మూలన నిలబడితే మాత్రం గుమ్మడికాయ సంగతి పక్కన పెట్టి పశువైద్యుడికి చూపించండి.

దాణా సరిచేయండి

సంచికి కుట్టిన చీటీ చదవండి. లేయర్ దాణాలో, అంటే గుడ్లు పెట్టే కోళ్లకు అమ్మే దాణాలో, మాంసకృత్తులు సాధారణంగా 16 నుంచి 18 శాతం, కాల్షియం మూడు శాతానికి పైగా ఉంటాయి. గుడ్లు పెట్టని కోడికి అంత కాల్షియం అవసరం లేదు, మాంసకృత్తులు మాత్రం 18 నుంచి 20 శాతం కావాలి. సులువైన దారి ఏమిటంటే, లేయర్ దాణా సగం, పిల్లలకు పెట్టే స్టార్టర్ దాణా సగం కలపడం. స్టార్టర్‌లో దాదాపు 20 శాతం ఉంటుంది కాబట్టి లెక్క సరిపోతుంది. స్టార్టర్ కొనేటప్పుడు అందులో మందు కలిపారా అని అడగండి. రక్తపారుడు రాకుండా కొన్నిటిలో మందు కలుపుతారు. అలాంటిది పెడుతున్న రోజుల్లో ఏ కోడైనా గుడ్డు పెడితే అది తినకండి. మందు లేనిది దొరికితే ఈ తలనొప్పే ఉండదు. కాల్షియం కోసం ఆల్చిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో ఉంచండి, కావలసిన కోడి వెళ్లి తింటుంది.

కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. చిరుతిండి ఏదైనా, ఎన్ని రకాలైనా, అన్నీ కలిపి తడి తీసి లెక్కేస్తే అందులో పదో వంతు దాటకూడదు. అంటే కోడికి 10 గ్రాములు, మహా అయితే 12. ఇంత తక్కువా అనిపిస్తుంది. అవును, అంతే.

మేత ఆపితే ఈకలు త్వరగా మారి గుడ్లు త్వరగా మొదలవుతాయని చెప్పేవాళ్లు మీకు తప్పక తగులుతారు. పెద్ద ఫారాల్లో కోళ్లను ఆకలితో మాడ్చి ఈకలు రాల్పించే పద్ధతి ఒకటి ఉండేది. భారత జంతు సంక్షేమ మండలి 2011లోనే దాన్ని ఆపమని చెప్పింది. పెరట్లో ఆ ప్రయోగం వద్దు.

ఏ గుమ్మడికాయ?

తియ్య గుమ్మడికాయ, అంటే మనం పులుసుకీ దప్పళానికీ వాడే పసుపు గుజ్జు కాయ. కన్నడంలో సిహి కుంబళకాయి అని అడిగితే ఇస్తారు. ఇందులో విటమిన్ ఎ గా మారే కెరోటిన్ దండిగా ఉంటుంది. చర్మానికి, శ్వాసనాళాల లోపలి పొరకు అది అవసరం. బూడిద గుమ్మడికాయ పెట్టినా హాని లేదు గానీ దాదాపు అంతా నీళ్లే. వడియాలు పెట్టగా మిగిలిన గింజలు, మెత్తటి మధ్యభాగం వేస్తే చాలు, కాయ కొననక్కరలేదు.

ఆయుధపూజ మర్నాడు బెంగళూరు రోడ్ల నిండా పగిలిన బూడిద గుమ్మడికాయలే. కృష్ణరాజేంద్ర మార్కెట్ దగ్గర గుట్టలుగా అమ్మినవన్నీ వాహనాల ముందు, దుకాణాల ముందు పగిలి పడి ఉంటాయి. ఊరికే పోతున్నాయి కదా అని ఏరుకొచ్చి కోళ్లకు వేయకండి. వాటిలో కుంకుమ పోస్తారు, కొందరు చిల్లర నాణేలు వేస్తారు, పైన కర్పూరం వెలిగిస్తారు. బజారు కుంకుమలో రంగులు ఏవి కలుస్తాయో మీ కోడికే కాదు, మీకూ తెలియదు. దానికి తోడు రోడ్డు మీది నూనె, దుమ్ము. గుమ్మం ముందు వేలాడదీసి ఎండావానలకు లోపల కుళ్లిన దిష్టి గుమ్మడికాయ కూడా అంతే. దిష్టి దానితోనే పోనివ్వండి.

బతుకమ్మ పేర్చే ఇళ్లలో గుమ్మడి పూలు, ఆకులు మిగులుతాయి. పేర్చకముందు పక్కన పెట్టినవి, రంగు తగలనివి, కడిగి వేయవచ్చు. పువ్వుల్ని కోళ్లు కాయ కంటే ఇష్టంగా తింటాయి. రంగులద్దిన గునుగు పూలు మాత్రం ఆ దరిదాపుల్లో ఉండనివ్వకండి.

కోసి పెట్టే తీరు

పైచెక్కు బాగా కడగండి, సంతలో దానికి అంటిన మట్టి, మందు వదలాలి. కాయను అడ్డంగా రెండు చిప్పలుగా కోయండి. గింజలు, పీచు తీయకండి, కోళ్లు ముందు వెతికేది వాటినే. చిప్ప దొర్లకుండా రెండు ఇటుకల మధ్య, కోసిన వైపు పైకి పెట్టండి. పచ్చిదే చాలు. కాయ మరీ గట్టిగా ఉంటే, లేదా మీ కోళ్లు మొదటిసారి చూసి బెదిరి దూరంగా నిలబడితే, ఒక ముక్క ఉప్పు వేయకుండా ఆవిరి మీద మెత్తబరిచి నలిపి వేయండి. రుచి తగిలాక పచ్చిది వాటంతటవే పొడుస్తాయి. చిప్ప నుంచి గుజ్జంతా గోకి తిని పలచని తొక్క వదిలేస్తాయి. ఆ తొక్క కంపోస్టుకు.

వేళ ముఖ్యం. పొద్దున దాణా తిని, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు కాస్త విసుగుగా తిరుగుతున్నప్పుడు పెట్టండి. ఖాళీ కడుపున పెడితే దాణా వైపు చూడవు. కోడికి రోజుకు 30 నుంచి 40 గ్రాములు. అందులో నీళ్లు పోను మిగిలేది మూడు నాలుగు గ్రాములు. ఆరు కోళ్లుంటే పావుకిలో ముక్క. రెండు కిలోల కాయ మొత్తం ఒకేసారి వాటి ముందు పెట్టాల్సిన పని లేదు. మిగతాది కోసిన ముఖానికి పలచని కవరు చుట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నాలుగైదు రోజులు నిలుస్తుంది. కోసిన చోట జిగట, బూజు కనిపిస్తే కొంచెం చెక్కి వాడుకోవాలని చూడకండి, పారేయండి.

రోజూ పెట్టనవసరం లేదు, వారానికి మూడు నాలుగు సార్లు చాలు. నిజానికి ఈ కాలంలో చిప్ప చేసే పెద్ద మేలు పోషణ కంటే కాలక్షేపం. కొత్త ఈకల కాడల్లో రక్తం ఉంటుంది, ఊసుపోని కోళ్లు ఒకదాని కాడలు ఒకటి పొడుస్తాయి. పొడవడానికి వేరే వస్తువు దొరికితే ఆ గొడవ చాలావరకు తగ్గుతుంది. ఆరు కంటే ఎక్కువ కోళ్లుంటే ముక్కలు రెండు చోట్ల పెట్టండి, లేకపోతే పెత్తందారు కోడి ఒక్కటే తిని మిగతావి చూస్తూ నిలబడతాయి. గుమ్మడికాయల దొంగ ఎవరో భుజాలు చూసి తేల్చనక్కరలేదు, పసుపు అంటిన ముక్కులే చెబుతాయి. మర్నాడు రెట్ట నారింజ రంగులో ఉన్నా భయపడకండి.

చీకటి పడేలోపు మిగిలినదంతా ఎత్తేయండి. బెంగళూరు పందికొక్కులకు గుమ్మడి వాసన చాలా దూరం వెళ్తుంది. మిద్దె మీద సిమెంటు నేలపై పెంచేవారు ఒక గిన్నెలో చిన్న గులకరాళ్లు కూడా ఉంచాలి. పీచున్నవి, గింజలు అరగడానికి కందనకాయలో రాళ్లు కావాలి, సిమెంటు మీద అవి దొరకవు.

గింజల గురించి రెండు మాటలు

పచ్చి గింజల్ని పెద్ద కోళ్లు నేరుగా మింగుతాయి. ఎండబెట్టినవైతే రోట్లో కచ్చాపచ్చాగా దంచి దాణాలో కలపండి. పప్పులో మాంసకృత్తులు దాదాపు 30 శాతం ఉంటాయి, అయితే కొవ్వు అంతకంటే ఎక్కువ. కాబట్టి చిటికెడే. ఉప్పు వేసి వేయించిన ప్యాకెట్ గింజలు వద్దు.

గుమ్మడి గింజలు పెడితే కడుపులో పురుగులు పడిపోతాయని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకంతో పురుగుల మందు మానేయకండి. రెట్టలో పురుగులు కనిపించినా, తింటున్నా కోడి బరువు తగ్గుతున్నా రెట్ట పరీక్ష చేయించి వైద్యుడు చెప్పిన మందే వేయాలి.

ఈకకు అసలు కావలసినవి, కాలం వెంట

ఈకలోని మాంసకృత్తుకు గంధకం ఉన్న అమినో ఆమ్లాలు, ముఖ్యంగా మెథియోనిన్ కావాలి. పప్పులు, సోయాలో అది కొరతే. నువ్వుల్లో బాగా ఉంటుంది. కనుక గుమ్మడికాయకు సరైన జోడీ తెలగపిండి. కోస్తా ఇళ్లలో మునగాకుతో కలిపి కూర వండుకునే ఆ నువ్వుల చెక్కే. బెంగళూరులో ఇప్పుడు పేట పేటకూ గానుగ నూనె దుకాణాలున్నాయి, అడిగితే నూనె తీసిన చెక్క ఇస్తారు. కోడికి రోజుకు ఒక చెంచా, సుమారు ఐదు గ్రాములు, నీళ్లు చిలకరించి దాణాలో కలపండి. మించితే అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టేస్తాయి. మునగాకు కూడా మంచిదే, రెమ్మ కట్టి వేలాడదీయండి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త: నర్సరీల్లో మొక్కల ఎరువుగా వేపపిండి, ఆముదపు పిండి అమ్ముతారు, పక్కపక్క సంచుల్లోనే ఉంటాయి. ఆముదపు పిండి కోడి ప్రాణం తీస్తుంది. ఎరువుల దుకాణంలో కొన్నదేదీ మేతలో కలపకండి.

వానలు వెనక్కి తగ్గే అక్టోబర్ సాయంత్రాల్లో దీపం చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి. దీపం కింద నీళ్ల తొట్టి పెడితే తెల్లారేసరికి గుప్పెడు పోగవుతాయి. ఊళ్లలో పాత కుండలో తడి పేడ, గడ్డి కుక్కి చెదలున్న చోట బోర్లించి, మర్నాడు ఆ చెదల్ని కోళ్లకు దులిపేవారు. ఆ ఉపాయం ఇక్కడా పనిచేస్తుంది. ఒక్కటే షరతు, ఇంటి పునాదికి చెదల మందు కొట్టించిన చోట ఈ పని చేయకూడదు.

దీపావళికి పెట్టాల్సింది ఏమీ లేదు, పెట్టకూడనివే ఉన్నాయి. మైసూర్‌పాకు, జంతికలు, చాక్లెట్టు ఏవీ వద్దు. బాణసంచా మోతకు బెదిరితే ఈకల పని ఇంకా వెనకబడుతుంది, కాబట్టి సాయంత్రం ముందే గూట్లోకి తోలి గోనెపట్టా దించండి.

కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనగకాయల జాతర. ఇంటికి శేరు వేరుశనగకాయలు రాకుండా ఉండవు. గింజల్లో మాంసకృత్తులు పాతిక శాతం, ఆశపడటంలో తప్పు లేదు. అయితే వేరుశనగతో వచ్చే చిక్కు బూజు. ఆ బూజు విషం అఫ్లటాక్సిన్ వేయించినా ఉడకబెట్టినా పోదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి మేత అని తేలింది, ఆ విషం గురించి ప్రపంచానికి తెలిసింది అప్పుడే. కాబట్టి మీరు తినగలిగే గింజే కోడికి పెట్టండి. ముడుచుకున్నవి, నల్లబడ్డవి, చేదువి, పుచ్చువి "కోళ్లకు వేద్దాంలే" అని తీసి ఉంచే అలవాటు మనలో చాలామందికి ఉంది. సరిగ్గా అవే వేయకూడనివి. కోడికి రెండు మూడు గింజలు, ఉప్పు లేనివి, పగలగొట్టి.

డిసెంబర్, జనవరిలో ఊరంతా అనపకాయల వాసన. ఇక్కడివారి అవరెకాయి, రాయలసీమ వాళ్లకు పితికిపప్పు. పచ్చివి కోళ్లకు పెట్టకండి. బాగా ఉడికించి, ఆ నీళ్లు వంచేసి, ఉప్పూ తాలింపూ లేకుండా నాలుగు గింజలు వేయవచ్చు. ఏ ఎండు చిక్కుడు జాతి గింజకైనా ఇదే పద్ధతి.

మాంసాహారం వండే ఇళ్లలో ఎండు నెత్తళ్లు అన్నిటికంటే తేలికైన మార్గం. ఉప్పు కోళ్లకు పడదు, అందుకని గంటసేపు నీళ్లలో నానబెట్టి, రెండు మూడుసార్లు కడిగి, తుంచి కోడికి ఒకటి చొప్పున. చేపలు వద్దనుకుంటే ఉడికించిన కోడిగుడ్డు మెదిపి పెట్టండి, మూడు కోళ్లకు ఒకటి. కోడికి కోడిగుడ్డా అని ముఖం చిట్లించకండి, మెథియోనిన్ అందులో పుష్కలం. గుడ్డు ఆకారం కనిపించకుండా మెదపాలి, అంతే.

ఇవన్నీ ఒకే రోజు కాదు. పదో వంతు లెక్కలో రోజుకు ఒకటి, పక్కన ఒక ముక్క గుమ్మడి.

బటర్ ఫ్రూట్ చెట్టున్న ఇళ్లవారికి

బెంగళూరు పాత ఇళ్ల పెరళ్లలో బటర్ ఫ్రూట్, అంటే అవకాడో చెట్లు చాలా ఉన్నాయి. పండు రాలితే కోళ్లు పరుగెత్తుతాయి. అందులోని పెర్సిన్ అనే పదార్థం పక్షుల గుండెను దెబ్బతీస్తుంది. ఆకు, తొక్క, టెంక, గుజ్జు ఏదీ మంచిది కాదు. చెట్టు కింద కోళ్లను వదలకపోవడమే ఉత్తమం. పచ్చబడిన బంగాళాదుంప తొక్కలు, బూజు పట్టిన రొట్టె, చింతపండు, ఉప్పు పడిన పులుసు మెతుకులు కూడా గిన్నెలోంచి తీసేయండి.

చేతులు దూరంగా

కాడలు మొలిచే రోజుల్లో కోడిని ఎత్తుకోకండి. కాడ వంగితే దానికి నొప్పి, విరిగితే రక్తం కారుతుంది. అలా కారితే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు అదిమి పట్టి, మొక్కజొన్న పిండి అద్ది, ఆరేదాకా వేరుగా ఉంచండి. ఎరుపు కనిపిస్తే మిగతావి వదలవు. రక్తం ఆగకపోతే వైద్యుడి దగ్గరికే. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి, సగం ఒప్పుకుంటారు. గూటికి చలిగాలి వచ్చే వైపు గోనె కట్టండి, డిసెంబర్ రాత్రి ఈకలు లేని ఒంటికి బెంగళూరు చలి చాలానే. గాలి బయటకు పోయే దారి పైన వదలండి, అమ్మోనియా వాసన నిలవకూడదు. ఈ వారాల్లో కొత్త కోళ్లను గుంపులో కలపడం, గూడు మార్చడం వాయిదా వేయండి. హెబ్బాళ పశువైద్య కళాశాలలో తయారైన గిరిరాజ వంటి బరువు జాతులున్నవారు కొవ్వున్న గింజలు ఇంకా తగ్గించాలి, అవి తేలిగ్గా లావెక్కుతాయి.

తిరిగి లేయర్ దాణాకు

తోక ఈకలు నిండి, జుట్టు మళ్లీ ఎర్రబడితే పని ముగింపుకు వచ్చినట్టే. అప్పటినుంచి వారం పది రోజుల్లో స్టార్టర్ వాటా కొంచెం కొంచెం తగ్గిస్తూ పూర్తి లేయర్ దాణాకు రండి. మొదటి గుడ్డు వచ్చేసరికి కాల్షియం ఒంట్లో ఉండాలి కనుక గుడ్డు కోసం ఎదురుచూస్తూ ఆలస్యం చేయకండి. మొదట్లో ఒకటి రెండు గుడ్లు చిన్నగా, పెంకు పలచగా వస్తే ఆల్చిప్పల గిన్నె ఖాళీగా లేదని చూసుకోండి. సొన పచ్చగా రావడానికి గుమ్మడికాయే పెంచనక్కరలేదు. సొనకు రంగిచ్చేది ఎక్కువగా ఆకుకూరల్లో, పసుపు మొక్కజొన్నలో ఉండే లూటిన్ జాతి రంగులే. రోజూ ఒక గుప్పెడు తోటకూర వేస్తే సరిపోతుంది.